నీరు సిద్ధమయ్యే వరకు

ఒక ప్రాణిని ఇంటికి తెచ్చుకోవడం సులభం. ఆ ప్రాణి బతకడానికి తగిన చోటును కల్పించడం కష్టం. భాగవతంలోని మత్స్యావతార గాథ ఈ విషయాన్నే మరొక రీతిలో చెబుతుంది. సత్యవ్రతుడనే రాజు కృతమాలా నదిలో తర్పణం విడుస్తుండగా ఒక చిన్న చేపపిల్ల ఆయన దోసిలిలోకి వస్తుంది. రాజు దయతలచి దానిని తన కమండలంలో ఉంచుతాడు. తెల్లవారేసరికి ఆ చేప పెరిగి, తనకు ఆ చోటు చాలదని మొరపెట్టుకుంటుంది. అంతకంతకూ పెద్ద జలాశయాలలోకి మారుతూ చివరకు అది సముద్రాన్ని చేరుతుంది. ఆ గాథలోని చేపకు మాట ఉంది. తనకేమి కావాలో అది రాజుకు చెప్పుకోగలిగింది. ఇంటిలోని గాజుతొట్టిలో ఈదే చేపకు ఆ భాగ్యం లేదు. తనున్న నీరు తనకు పనికిరాదని అది నోరు విప్పి చెప్పలేదు. అందుచేత చేపను అడగడానికి బదులు నీటినే అడిగి తెలుసుకోవలసిన బాధ్యత పెంచేవారిపై పడుతుంది.

అక్వేరియం అంటే అలంకారం కోసం చేపలను, నీటిమొక్కలను పెంచే గాజుతొట్టి. దానిని మొదటిసారిగా కొనే ఇండ్లలో తరచుగా ఒకే కథ జరుగుతుంది. సెలవురోజున తొట్టి, రంగురాళ్లు, గాలిపంపు, చేపలు అన్నీ ఒకేసారి ఇంటికి చేరుతాయి. కుళాయినీరు నింపి, ఆ సాయంత్రమే చేపలను వదులుతారు. పిల్లలు చుట్టూ చేరి సంబరపడతారు. మూడవ నాటికో నాలుగవ నాటికో ఒక చేప నీటి ఉపరితలానికి వచ్చి నోరు తెరిచి ఊపిరికై పెనుగులాడుతుంది. వారం తిరిగేలోగా ఒకటి వెంట ఒకటిగా చేపలు చనిపోతాయి. నీరు మాత్రం అద్దంలా మెరుస్తూనే ఉంటుంది. చేపలు రోగిష్టివని కొందరు, తమ చేతికి అచ్చిరాలేదని కొందరు అనుకుంటారు. నిజానికి తప్పు చేపలది కాదు, చేతిది కాదు. సిద్ధం కాని నీటిలో వాటిని వదలడమే ఆ మరణాలకు ప్రధాన కారణం.

తేటనీటిలో దాగిన విషం

చేప తిన్న ఆహారంలోని మాంసకృత్తులలో నత్రజని ఉంటుంది. శరీరానికి ఉపయోగపడగా మిగిలిన నత్రజనిని చేప ముఖ్యంగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో నీటిలోకి విడుస్తుంది. తినకుండా వదిలేసిన మేత, రాలిన ఆకులు, చేపల మలం కుళ్లినప్పుడు కూడా అమ్మోనియానే పుడుతుంది. నదిలోనో చెరువులోనో అయితే అది విస్తారమైన నీటిలో పలచబడిపోతుంది. మొక్కలూ, సూక్ష్మజీవులూ దానిని వినియోగించుకుంటాయి. గాజుతొట్టిలో ఆ అవకాశం లేదు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టిలో అంచు వరకు నింపినా సుమారు 56 లీటర్ల నీరే పడుతుంది. అడుగున రాళ్లు పరచి, పైన కొంత ఖాళీ వదిలితే మిగిలేది ఇంచుమించు 50 లీటర్లు. చేప తిన్నా, విసర్జించినా, ఊపిరి పీల్చినా అంతా ఆ కొద్దిపాటి నీటిలోనే.

నీటిలో అమ్మోనియా రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి చేపకు తీవ్రమైన హాని చేసే అమ్మోనియా. రెండవది అంతగా హాని చేయని అమ్మోనియం. వీటి పాళ్లను ముఖ్యంగా నీటి పి.హెచ్. విలువ, ఉష్ణోగ్రత నిర్ణయిస్తాయి. 25 డిగ్రీల సెల్సియస్ వద్ద పి.హెచ్. 7 ఉన్న నీటిలో విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పి.హెచ్. 8కి పెరిగితే అది నూటికి సుమారు 5 వంతులవుతుంది. 9కి చేరితే మూడవ వంతుకు మించిపోతుంది. పి.హెచ్. ఎక్కువగా ఉన్న బోరునీటితో తొట్టి నింపేవారు, ఎండకాలపు వేడిని చవిచూసే ప్రాంతాలవారు ఈ సంగతిని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. ఒకే మోతాదు అమ్మోనియా ఒక ఇంట చేపను బాధించక, మరొక ఇంట చంపివేయడానికి ఇదొక కారణం.

అమ్మోనియా మొప్పలను దెబ్బతీస్తుంది. అయితే ఈ విషానికి రంగు లేదు. ప్రమాదకరమైన మోతాదులో ఉన్నప్పుడు సైతం నీరు తేటగానే కనిపిస్తుంది. మనిషి తాగడానికి యోగ్యమైన నీరు చేప నివసించడానికి యోగ్యమనుకోవడం ఇందువల్లనే పొరపాటు. పైగా తాగునీటిని సురక్షితం చేయడానికి కలిపే క్లోరిన్ కూడా చేపల మొప్పలకు హానికరమే.

ఇరవై రోజుల నిరీక్షణ

ఈ విషాన్ని హరించే శక్తి ప్రకృతిలోనే ఉంది. దానిని మానవుడు తెలుసుకున్న తీరు ఆసక్తికరమైనది. లండన్ నగరానికి చెందిన రసాయన శాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ సుమారు 50 లీటర్లు పట్టే తొట్టిలో రెండు బంగారు చేపలను, వాలిస్నేరియా అనే నీటిమొక్కను పెంచి చూశాడు. మొక్క విడిచే ప్రాణవాయువు చేపలకు అందుతుందనీ, చేపలు విడిచేది మొక్కకు ఉపయోగపడుతుందనీ ఆయన ఊహ. కొంతకాలానికి రాలిన ఆకులు కుళ్లి నీరు పాడవసాగింది. అప్పుడాయన చెరువునత్తలను తెచ్చి వేశాడు. అవి కుళ్లిన ఆకులను తినివేయగా నీరు తిరిగి బాగుపడింది. ఈ వివరాలను ఆయన 1850లో అక్కడి రసాయన శాస్త్ర సంఘానికి నివేదించాడు. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో చేపలశాల వెలసింది. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గోస్ రచించిన గ్రంథంతో అక్వేరియం అనే పేరు జనబాహుళ్యంలోకి వచ్చింది.

చేప, మొక్క, నత్త ఈ మూడింటినీ వారింగ్టన్ చూడగలిగాడు. నాలుగవ భాగస్వామి మాత్రం ఆయన కంటికి కనిపించలేదు. దాని జాడను 1877లో ష్లోసింగ్, మ్యూంట్జ్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పట్టుకున్నారు. వారు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా మురుగునీటిని నెమ్మదిగా కారేటట్లు చేశారు. సుమారు 20 రోజుల వరకు ఏ మార్పూ లేదు. పిమ్మట నీటిలోని అమ్మోనియా తగ్గి, నైట్రేట్ కనిపించసాగింది. గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరిని పంపగానే ఆ మార్పు ఆగిపోయింది. తోటమట్టిని కలిపిన నీటిని కొంచెం చేర్చిన కొంతకాలానికి మళ్లీ మొదలైంది.

ఈ ప్రయోగంలో గమనించదగిన అంశం ఆ ఇరవై రోజుల ఆలస్యం. ఇది కేవలం రసాయన చర్యే అయి ఉంటే నీరు ఇసుకను తాకిన నాటి నుంచే మొదలై ఉండేది. మత్తుమందుకు లొంగి ఆగిపోయేది కాదు. ఆలస్యంగా మొదలైందంటే, ఎవరో పుట్టి పెరిగి పనిలోకి దిగడానికి ఆ సమయం పట్టిందన్నమాట. ఆ పనివారు సూక్ష్మజీవులు. 1890 ప్రాంతంలో సెర్గై వినోగ్రాడ్‌స్కీ వాటిని వేరుచేసి, ఈ పని రెండు దశలలో, రెండు వేర్వేరు జాతుల వల్ల జరుగుతుందని నిరూపించాడు. మొదటి జాతివి అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. రెండవ జాతివి నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. తొట్టులలో రెండవ పని చేసేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం భావించారు. మంచినీటి అక్వేరియంలలో ఆ పని ముఖ్యంగా నైట్రోస్పైరా చేస్తున్నదని 1998లో ప్రచురితమైన పరిశోధన వెల్లడించింది. నైట్రోస్పైరాలోనే కొన్ని రకాలు రెండు పనులనూ ఒంటరిగా చేయగలవని 2015లో తేలింది.

ఈ రెండు దశల నడుమ ఉన్న నైట్రైట్ కూడా విషమే. అది మొప్పల ద్వారా రక్తంలో చేరి, ప్రాణవాయువును మోసే హీమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. రక్తం గోధుమరంగుకు మారుతుంది. నీటిలో ప్రాణవాయువు ఉన్నప్పటికీ చేప ఊపిరాడక చనిపోతుంది. చివరకు మిగిలే నైట్రేట్ మాత్రం తక్కువ మోతాదులో అంతగా హాని చేయదు. మొక్కలకు అది ఎరువు. మిగిలిన దానిని నీరు మార్చడం ద్వారా తొలగించవచ్చు. కనుక తొట్టి సిద్ధం కావడమంటే ఈ రెండు రకాల సూక్ష్మజీవులూ తగినంతగా పెరిగి, పుట్టిన విషాన్ని పుట్టినట్లే హరించే స్థితికి చేరుకోవడమే.

తొట్టిని సిద్ధపరచే విధానం

ఈ సూక్ష్మజీవులు నీటిలో తేలుతూ ఉండేవి తక్కువ. ఫిల్టర్‌లోని స్పాంజి, అడుగున పరచిన గులకరాళ్లు, మొక్కల ఆకులు, గాజు గోడలు వీటి నివాసాలు. ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. అనుకూల పరిస్థితులలో కొన్ని సాధారణ బ్యాక్టీరియాలు 20 నిమిషాలకొకసారి రెట్టింపు కాగా, వీటికి అనేక గంటలు, ఒక్కొక్కప్పుడు ఒక రోజుకు పైగా పడుతుంది. కొత్త తొట్టి సిద్ధం కావడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పట్టడానికి కారణమిదే.

మొదట తొట్టిని దృఢమైన బల్లపై, నేరుగా ఎండ తగలని చోట అమర్చాలి. నీరు, రాళ్లతో కలిసి చిన్న తొట్టి కూడా అరవై, డెబ్బై కిలోల బరువు తూగవచ్చు. కుళాయినీరు నింపితే అందులోని క్లోరిన్‌ను తొలగించాలి. నీటిని గాలిపంపుతో కలియబెడుతూ ఒక రోజు ఉంచినా, దుకాణాలలో దొరికే క్లోరిన్ విరుగుడు మందును సీసాపై చెప్పిన కొలత ప్రకారం కలిపినా సరిపోతుంది. తరువాత ఫిల్టర్‌ను, గాలిపంపును నడపాలి. 25 డిగ్రీల వద్ద లీటరు నీటిలో కరిగి ఉండగల ప్రాణవాయువు సుమారు 8 మిల్లీగ్రాములే. అమ్మోనియా రూపంలో ఉన్న ఒక మిల్లీగ్రాము నత్రజనిని నైట్రేట్‌గా మార్చడానికి నాలుగున్నర మిల్లీగ్రాములకు పైగా ప్రాణవాయువు ఖర్చవుతుంది. అందుకే గాలి నిరంతరం అందుతూ ఉండాలి.

చేపలు లేకుండా సూక్ష్మజీవులకు ఆహారమేది? ప్రతిరోజూ చిటికెడు చేపమేతను నీటిలో వేసి కుళ్లనివ్వడం ఒక పద్ధతి. అమ్మోనియం క్లోరైడ్‌ను కొలిచి కలపడం ఇంకొక పద్ధతి. పాత్రలకు కళాయి పోసేవారు వాడే నవాసారం ఇదే పదార్థం. అయితే బజారు సరుకులో మలినాలు ఉండవచ్చు గనుక ప్రయోగశాలలకు అమ్మే శుద్ధమైన దానినే వాడాలి. 50 లీటర్ల నీటిలో సుమారు 0.3 గ్రాములు కలిపితే లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా ఏర్పడుతుంది. త్వరగా పని కావాలని అంతకు ఎన్నో రెట్లు కలపడం తగదు. మితిమీరిన అమ్మోనియా ఆ సూక్ష్మజీవుల పెరుగుదలనే అడ్డుకోవచ్చు.

బాగా నడుస్తున్న పాత తొట్టి ఫిల్టర్‌లోని స్పాంజి ముక్కను తెచ్చి కొత్త ఫిల్టర్‌లో ఉంచితే నిరీక్షణ కాలం తగ్గుతుంది. పాలలో వేసిన తోడు వంటిదది. ఆ స్పాంజిని తడి ఆరకుండా తేవాలి. ఆరోగ్యంగా ఉన్న తొట్టి నుంచి మాత్రమే తేవాలి. పాత తొట్టిలోని నీటిని మాత్రమే తెచ్చి పోయడం వల్ల ఒరిగేది స్వల్పం. సీసాలలో అమ్మే సూక్ష్మజీవుల ద్రావణాలను కలిపినా, అవి పనిచేశాయో లేదో పరీక్షించి చూడకుండా నమ్మరాదు.

సిద్ధమైనదని తెలిసేదెలా?

ఇందుకు మూడు పరీక్షలు అవసరం. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్‌లను కొలిచే ద్రావణాలు అక్వేరియం దుకాణాలలో లభిస్తాయి. చిన్న గాజుగొట్టంలో నీటిని తీసుకొని, చెప్పినన్ని చుక్కలు వేసి, వచ్చిన రంగును పట్టికతో పోల్చి చూడాలి. రసాయన శాస్త్ర ప్రయోగశాలలో ద్రావణాలను పరీక్షించిన విద్యార్థులకు ఇది కొత్త పని కాదు. రెండు రోజులకొకసారి పరీక్షించి, తేదీతో సహా ఒక పుస్తకంలో రాసుకుంటే తొట్టిలో జరుగుతున్న కథంతా ఆ అంకెలలో కనిపిస్తుంది.

మొదటి అంకంలో అమ్మోనియా మాత్రమే ఉంటుంది. ఒకటి రెండు వారాల తరువాత అది తగ్గుముఖం పట్టి నైట్రైట్ తలెత్తుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. అమ్మోనియా సున్నాకు రాగానే తొట్టి సిద్ధమైనదని భావించి చేపలను తెస్తారు. అప్పటికి నైట్రైట్ శిఖరాన ఉంటుంది. ఒక విషం పోయిందని సంతోషించేలోగా మరొక విషం చేపలను కబళిస్తుంది. మూడవ అంకంలో నైట్రైట్ కూడా క్రమంగా తగ్గి నైట్రేట్ పెరుగుతుంది.

చివరి పరీక్ష అప్పుడు జరపాలి. లీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున అమ్మోనియాను మరొకసారి కలిపి 24 గంటలు ఆగాలి. ఆ తరువాత పరీక్షిస్తే అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా రావాలి, నైట్రేట్ కనిపించాలి. మరునాడు కూడా ఇదే ఫలితం వస్తే తొట్టి సిద్ధమైనదని నిశ్చయించుకోవచ్చు. మేత కుళ్లబెట్టిన తొట్టిలో మేత వేస్తూనే ఉన్నప్పటికీ వరుసగా కొన్ని రోజులపాటు ఆ రెండూ సున్నాగా నిలవాలి. నైట్రేట్ ఏమాత్రం కనిపించకుండా అమ్మోనియా సున్నా వస్తే తొందరపడరాదు. మొక్కలు దట్టంగా ఉండి నత్రజనిని పీల్చుకుంటూ ఉండవచ్చు. లేదా కలిపిన మేత ఇంకా కుళ్లకపోయి ఉండవచ్చు. వారాలు గడిచినా అమ్మోనియా తగ్గకపోతే పి.హెచ్.ను పరీక్షించాలి. ఈ ప్రక్రియ నీటి క్షారత్వాన్ని హరిస్తుంది. పి.హెచ్. 6 వరకు పడిపోతే సూక్ష్మజీవుల పని మందగిస్తుంది. అప్పుడు కొంత నీరు మార్చడం మేలు.

కొన్ని గుర్తులు కంటిని మోసపుచ్చుతాయి. కొత్త తొట్టిలో కొద్ది రోజులకు నీరు పాలవలె తెల్లబడి, తిరిగి తేటపడటం కద్దు. అది వేరే రకం బ్యాక్టీరియా ఒక్కుమ్మడిగా పెరగడం వల్ల కలిగేది. తేటపడినంత మాత్రాన తొట్టి సిద్ధమైనట్లు కాదు. గాజుకు గోధుమరంగు నాచు పట్టడం, మొక్క చిగురించడం, క్యాలెండరులో ఆరు వారాలు నిండడం ఇవేవీ తీర్పు చెప్పలేవు. తీర్పు చెప్పవలసింది పరీక్షా ద్రావణపు రంగు ఒక్కటే.

చేపల ప్రవేశం

పరీక్షలో నెగ్గిన తరువాత, పేరుకున్న నైట్రేట్‌ను తగ్గించడానికి సగానికి పైగా నీటిని మార్చాలి. మర్నాడు చేపల సంచిని తెరవకుండా పావుగంట సేపు తొట్టినీటిపై తేలనివ్వాలి. లోపలి నీరు, బయటి నీరు ఒకే ఉష్ణోగ్రతకు వచ్చాక, తొట్టినీటిని కొద్దికొద్దిగా సంచిలో కలిపి, అటుపై చేపలను వలతో తీసి వదలాలి. గప్పీలు, జీబ్రా చేపల వంటి చిన్న చేపలతో, అవి కూడా నాలుగైదింటితో మొదలుపెట్టడం మంచిది. బంగారు చేప ఎక్కువగా వ్యర్థాలను విసర్జిస్తుంది, పెద్దగా పెరుగుతుంది. చిన్న తొట్టికి అది తగదు. వచ్చినవి కుదురుకున్నాక, మళ్లీ పరీక్షించి, మరికొన్నింటిని చేర్చుకోవచ్చు. సూక్ష్మజీవుల సంఖ్య అందుతున్న ఆహారానికి తగినట్లుగానే ఉంటుంది. ఒక్కసారిగా చేపలు రెట్టింపైతే అవి అందుకోలేవు.

ఇప్పటికే తొందరపడి చేపలను వదిలినవారు నిరాశ చెందనవసరం లేదు. మేతను బాగా తగ్గించి, ప్రతిరోజూ నీటిని పరీక్షిస్తూ, విషం కనిపించినప్పుడల్లా క్లోరిన్ లేని నీటితో నాలుగవ వంతు నుంచి సగం వరకు మారుస్తూ ఉంటే అనేక సందర్భాలలో చేపలను కాపాడుకోవచ్చు.

సిద్ధమైన తొట్టి ఎల్లకాలం అలాగే ఉంటుందని కూడా భావించరాదు. శుభ్రత పేరిట ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద రుద్ది కడిగితే క్లోరిన్ తాకిడికి ఆ సూక్ష్మజీవులు నశించి, తొట్టి మళ్లీ కొత్తదై కూర్చుంటుంది. తొట్టి నుంచి తీసిన నీటిలోనే దానిని మెల్లగా పిండి కడగాలి. విద్యుత్తు గంటల తరబడి పోయినప్పుడు ఫిల్టర్‌లో ప్రాణవాయువు అందక అవి చచ్చిపోయే ప్రమాదం ఉంది. అటువంటి చోట్ల బ్యాటరీతో నడిచే గాలిపంపును సిద్ధంగా ఉంచుకోవడం వివేకం.

ఈ నిరీక్షణ గాజుతొట్టికి మాత్రమే పరిమితమైనది కాదు. కొల్లేటి పరిసరాలలో చేపల చెరువులు సాగుచేసే రైతు చెరువు తవ్విన మరునాడే పిల్లను వదలడు. చెరువును ఎండగట్టి, సున్నం చల్లి, నీరు పెట్టి, ఎరువు వేసి, నీటికి పచ్చని రంగు తిరిగే వరకు వేచి ఉంటాడు. ఆ రంగు చేపపిల్లకు ఆహారమైన సూక్ష్మప్రాణులు పెరిగాయనడానికి గుర్తు. చెరువులో నీటి రంగును చూసే రైతు, తొట్టి పక్కన గాజుగొట్టంలోని రంగును చూసే విద్యార్థి చేస్తున్న పని ఒక్కటే. కంటికి కనిపించని ప్రాణులు ముందుగా వచ్చి ఇల్లు సర్దుకున్నాకనే కనిపించే ప్రాణులను పిలవడం.

ఆలస్యం అమృతం విషం అన్నది లోకోక్తి. కొత్త అక్వేరియం విషయంలో ఆ మాటను తిరగవేసి చెప్పుకోవాలి. ఇక్కడ తొందరే నీటిని విషం చేస్తుంది. ఆలస్యమే దానిని అమృతం చేస్తుంది. చేపలు లేని తొట్టి ముందు ఆరు వారాలు కూర్చోవడం చిన్నపిల్లలకు విసుగనిపించవచ్చు. అయితే ఆ ఖాళీ తొట్టి నిజానికి ఖాళీగా లేదు. రాళ్ల మీద, స్పాంజి పొరలలో కోట్లాది ప్రాణులు నిశ్శబ్దంగా కాపురం పెడుతున్నాయి. ఆ సంగతి తెలిసిన పిల్లవాడు చేపను అలంకార వస్తువుగా చూడడు. దాని ప్రాణం తన చేతిలో ఉన్నదని గ్రహించి, దానిని తెచ్చే ముందు మరొకసారి నీటిని పరీక్షిస్తాడు.